కుడిచేయి, ఎడమచేయి: కవాతు టెనర్ డ్రమ్ముల సాధన

రేడియోలో డ్రమ్ము మ్రోగునప్పుడు శ్రోతకు దెబ్బ వినబడును. దెబ్బ వేసిన చేయి కనబడదు. ఒక్క సెకనులో ఎనిమిది దెబ్బలు వరుసగా పడినచో అందు ఏది కుడిచేతిది, ఏది ఎడమచేతిది అని పోల్చుట సంగీతజ్ఞుల చెవికి సైతము కష్టము. మైక్రోఫోనునకు చేతుల భేదము తెలియదు. అందుచేత "ఏ చేతితో కొట్టిననేమి, లయ తప్పకున్న చాలును గదా" అని వినువారికి తోచుట సహజము. వాయించువాని సంగతి వేరు. ఏ దెబ్బ ఏ చేతితో వేయవలెనన్నది అతడు పుల్ల ఎత్తక మునుపే తేల్చుకొనవలసిన విషయము.

ఈ అవసరము మిక్కిలి స్పష్టముగా కనబడు వాద్యమొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కవాతు బృందములు మోయు టెనర్ డ్రమ్ముల సముదాయము అది. నాలుగు, ఐదు, కొన్ని చోట్ల ఆరు డ్రమ్ములను ఒక్క మనిషి భుజములపై మోయుచు, అడుగు తప్పక నడచుచు, రెండే పుల్లలతో వాయించును. అక్కడ చేయి తప్పినచో దారి తప్పును; పుల్ల పుల్లకు తగులుకొనును. ఈ విద్యను సాధించు క్రమమేమి, అందలి మెలకువలేవి అను సంగతిని ఈ ప్రసంగమున వివరింపబూనితిమి. ఏనాడును డ్రమ్ము పట్టని వారికి సైతము ఇందు పనికివచ్చు విషయము కొంత కలదని మా నమ్మకము. ఏలయన ఇది ప్రధానముగా ఎడమచేతికి చదువు చెప్పు కథ.

ముందుగా వాద్యమును పరిచయము చేయుదుము. సైనిక బ్యాండులో అడుగుమూతకు సన్నని తీగలు బిగించిన సైడు డ్రమ్ము ఒకటి యుండును. దాని ధ్వని చిటపటలాడుచుండును. పొట్టకు ఆనించి మోయు పెద్ద బాస్ డ్రమ్ము మరియొకటి. ఈ రెంటికి నడుమ, తీగలు లేక, నిండైన కంఠముతో పలుకు మధ్యరకపు డ్రమ్మును టెనర్ డ్రమ్ము అందురు. బ్రిటిషువారి నుండి ఈ వాద్యము మన సైనిక బ్యాండులకు సంక్రమించినది. ఏటేట జనవరి 29వ తేదీన ఢిల్లీలోని విజయ్ చౌక్‌లో జరుగు బీటింగ్ రిట్రీట్ ఉత్సవమును చూచినవారు, మెత్తని గుండ్లు గల పుల్లలను గాలిలో త్రిప్పుచు దీనిని వాయించువారిని గమనించియుందురు.

ఆ టెనర్ డ్రమ్ము ఒంటరిది; దానికి ఒక్కటే స్వరము. అమెరికాలో 1960 దశకపు చివరి సంవత్సరములలో కవాతు బృందములవారు వేరువేరు స్థాయిలు గల డ్రమ్ములను రెండు మూడు చొప్పున ఒకే చట్రమునకు బిగించి ఒకే వాదకునకు తగిలింప నారంభించిరి. పిమ్మట అవి నాలుగైనవి. ఆపై చిన్నవి ఒకటి రెండు చేరినవి. ఇట్టి బృందముల పోటీలను నిర్వహించుటకై 1971లో 'డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్' అను సంస్థ ఏర్పడినది. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్ పట్టణమున దాని మొదటి ఛాంపియన్‌షిప్ పోటీ జరిగినది. ఏటేట సాగిన ఆ పోటీల వేడిలో ఈ వాద్యపు చేతివిద్య ఎంతయో పదునుదేరినది.

నేడు వాడుకలోనున్న సముదాయములో ప్రధానమైనవి నాలుగు డ్రమ్ములు. వాని ముఖముల వ్యాసములు సాధారణముగా 10, 12, 13, 14 అంగుళములు. ఇవి వాదకుని ముందు వంపు తిరిగిన వరుసలో అమరియుండును. చిన్నదాని నుండి పెద్దదానికి క్రమముగా నుండునని మనము ఊహింతుము గాని, అట్లుండవు. చిన్నవి రెండును నడుమ నుండును: 10 అంగుళములది కుడివైపు, 12 అంగుళములది ఎడమవైపు. వానికి ఆవల కుడికొసను 13 అంగుళములది, ఎడమకొసను 14 అంగుళములది. హెచ్చుస్థాయి నుండి తగ్గుస్థాయికి వీనిని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కింతురు. కనుక ఎడమ నుండి కుడికి చూచినచో వరుస నాలుగు, రెండు, ఒకటి, మూడు అగును. పాఠకులు ఈ నాలుగంకెలను ఇదే వరుసలో ఒక కాగితముపై వ్రాసికొన్నచో ముందు చెప్పబోవునది సుబోధమగును. 6 లేక 8 అంగుళముల చిన్న డ్రమ్ములు వంపు లోపల, వాదకునికి దగ్గరగా నుండును. చట్రముతో కలిపి బరువు సుమారు 15 కిలోగ్రాములు. పెద్ద సముదాయమైనచో అంతకు మించియు నుండును.

ఈ డ్రమ్ములకు అడుగుమూత లేదు. పైమూత ఒక్కటే, అది ప్లాస్టిక్ పొర. పూర్వము డ్రమ్ములకు దూడచర్మము వాడెడివారు. అది తేమకు సడలుచు, ఎండకు బిగియుచు వాదకుని బాధించెడిది. 1950 దశకపు ఉత్తరార్ధములో పాలియెస్టర్ పొరలు వాడుకలోనికి వచ్చినవి. ఆరుబయట గంటల తరబడి వాయించు కవాతు బృందములకు ఆ మార్పు ఎంతో మేలు చేసినది.

క్రొత్తగా పుల్ల పట్టినవాడు మూతకు సరిగా నడుమ కొట్టును. నడుమ కొట్టినచో మూత అంతయు ఒక్కసారిగా లోనికి పోయి పైకి వచ్చును. ఆ కదలిక తన శక్తిని వెంటనే గాలికి ధారపోసి చల్లారును. 'దబ్బు'మను మొద్దుచప్పుడే చెవిని బడును. అంచునకు రెండు మూడు అంగుళముల లోపల కొట్టినచో మూతలో ఒక సగము పైకి, ఒక సగము క్రిందికి ఊగు కదలిక బలముగా పుట్టును. అది కొంత నిలుకడగలది. అందు స్వరస్థాయి స్పష్టముగా తెలియును. బిగించిన పొర నుండి పుట్టు ఉపస్వరములు తీగలోవలె ఒకటి, రెండు, మూడు అను పూర్ణసంఖ్యల నిష్పత్తిలో నుండవు. మొదటిదానికి రెండవది 1.59 రెట్లు, మూడవది 2.14 రెట్లు. సామాన్యమైన డ్రమ్ము పాటవలె పలుకకపోవుటకు కారణమిదియే. మన మృదంగము ఈ చిక్కును ఎట్లు విడదీసినదో, కుడిమూతపై పెట్టు నల్లని పూత ఉపస్వరములను ఎట్లు దారికి తెచ్చునో, విశాఖపట్టణమున బాల్యవిద్య గడపిన సర్ సి. వి. రామన్ 1920లోను, 1934లోను ప్రకటించిన వ్యాసములలో నిరూపించిరి. టెనర్ డ్రమ్మునకు అట్టి పూత లేదు. మూతను తగినట్లు బిగించిన పిమ్మట వాదకుని చేతిలో మిగులు ఉపాయము దెబ్బ పడు చోటును ఎన్నుకొనుటయే. అంచునకు చేరువగా, తన వైపున కొట్టుటలో మరియొక లాభము కూడ కలదు. నాలుగు డ్రమ్ములమీది నాలుగు చోట్లు ఒకే నునుపైన వంపులో వచ్చును. చేయి పోవలసిన దూరము తగ్గును.

ఇక చేతివరుస. ఏ దెబ్బకు ఏ చేయి అను ఏర్పాటును ఆంగ్లమున 'స్టికింగ్' అందురు. మేము చేతివరుస అని వ్యవహరింతుము. దీనికి సైనికుల డ్రమ్మువిద్యలో దీర్ఘమైన చరిత్ర కలదు. దండునకు ఆజ్ఞలను డ్రమ్ము మీద వినిపించు రోజులలో ప్రతి వాదకుడును ఒకే విధముగా వాయించుట అవసరమయ్యెను. అందులకై కొన్ని మూలపాఠములు ఏర్పడినవి. వానిని 'రూడిమెంట్లు' అందురు. చార్లెస్ స్టూవర్ట్ ఆష్‌వర్త్ 1812లో బోస్టను నగరమున ప్రకటించిన గ్రంథము అమెరికాలో వీనిని క్రమపరచిన తొలి గ్రంథములలో ఒకటి. 1933లో చికాగో నగరమున ఏర్పడిన వాదకుల సంఘము మొదట 13 పాఠములను, వానికి మరి 13 చేర్చి మొత్తము 26 పాఠములను ప్రమాణముగా నిర్ణయించినది. 1984లో 'పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ' ఈ సంఖ్యను 40కి పెంచినది.

నలుబది పాఠములని భయపడ నక్కరలేదు. వానిలో అనేకములకు మూలమైన వరుసలు మూడే. కుడిచేతికి 'కు' అని, ఎడమచేతికి 'ఎ' అని గుర్తు పెట్టుకొందము. మొదటిది ఒంటి దెబ్బల వరుస: కు-ఎ-కు-ఎ. రెండవది జంట దెబ్బల వరుస: కు-కు-ఎ-ఎ. మూడవది ఈ రెంటి కలయిక: కు-ఎ-కు-కు, ఎ-కు-ఎ-ఎ. దీనికి 'పారడిడిల్' అని పేరు. ఆ పేరే చేతివరుసను పలుకుచున్నది. 'పా', 'రా' అను రెండక్షరములు రెండు ఒంటి దెబ్బలు. 'డి-డిల్' అనునది ఒకే చేతి జంట. మృదంగ విద్యార్థి జతులను ముందుగా నోట పలికి, పిమ్మట చేత పలికించు పద్ధతి ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు.

ఒంటి దెబ్బలు చూచుటకు తేలిక. జంట దెబ్బలలో మర్మము కలదు. పుల్లను బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ ఇరుసువలె పట్టుకొని, తక్కిన వ్రేళ్లను మృదువుగా చుట్టి యుంచవలెను. టెనర్ వాదకులు రెండు చేతులతోను ఒకే తీరున పట్టుకొందురు. మూతకు తగిలిన పుల్ల బంతివలె తానే ఎగురును. నెమ్మదిగా వాయించునప్పుడు జంటలోని రెండు దెబ్బలను మణికట్టుతోనే వేయవచ్చును. వేగము హెచ్చినకొలది మణికట్టు ఒక్కసారే దిగును; రెండవ దెబ్బను ఎగిరిన పుల్లను పట్టి మరల పంపు వ్రేళ్లు వేయును. ఇచ్చటనే విద్యార్థి మోసపోవును. తానై ఎగిరిన పుల్ల తానై పడినచో రెండవ దెబ్బ నీరసించును. దానికి వ్రేళ్లు ప్రాణము పోయవలెను. జంటలోని రెండవ దెబ్బ మొదటిదానితో సమానముగా వినబడువరకు వేగమును పెంచరాదని గురువులు పట్టుబట్టుదురు.

సైడు డ్రమ్ము వాయించువానికి మూత ఒక్కటే. ఎనిమిది దెబ్బలను ఒంటి వరుసతో వాయించినను, పారడిడిల్‌తో వాయించినను వినువానికి భేదము స్వల్పము. టెనర్ డ్రమ్ముల వద్ద ఈ స్వల్పభేదమే సర్వస్వమగును. పాఠకులు వ్రాసికొన్న నాలుగంకెలను ఒకసారి చూడవలెను: నాలుగు, రెండు, ఒకటి, మూడు. ఎడమకొస నుండి కుడికొసకు ఈ నాలుగింటిని వరుసగా ఒక్కొక్క దెబ్బ వేయుచు పోవలెననుకొందము. కుడిచేతితో మొదలిడి ఒంటి వరుసను అనుసరించినచో, కుడిచేయి దేహమునకు అడ్డముగా ఎడమకొసకు పోవలెను. చివరి దెబ్బకు ఎడమచేయి కుడికొసకు పోవలెను. రెండు చేతులును ముడివడును. ఎడమచేతితో మొదలిడినను చిక్కు తీరదు: రెండవ డ్రమ్ము మీదనున్న కుడిచేతిని దాటి ఎడమచేయి ఒకటవ డ్రమ్మునకు పోవలసివచ్చును.

ఇప్పుడు జంట వరుసను చూతము. ఎ-ఎ-కు-కు. ఎడమచేయి నాలుగవదానిని, రెండవదానిని కొట్టును. కుడిచేయి ఒకటవదానిని, మూడవదానిని కొట్టును. ఏ చేయియు రెండవదాని త్రోవకు అడ్డము రాదు. తిరిగి వచ్చునప్పుడు కు-కు-ఎ-ఎ. మూడు, ఒకటి, రెండు, నాలుగు. వినబడు స్వరములు మునుపటివే. చేతివరుస మాత్రము మారినది, దారి సుగమమైనది. ఒకే చేతి జంటను ఇట్లు రెండు డ్రమ్ములపై పరచుటను 'స్వీప్' అందురు. చీపురుతో ఊడ్చినట్లుండును గనుక ఆ పేరు తగినదే.

అయితే ఈ సౌకర్యము ఊరక రాదు. నిమిషమునకు 120 అడుగుల నడకలో అడుగుకు నాలుగు దెబ్బల చొప్పున వాయించినచో సెకనుకు ఎనిమిది దెబ్బలు. ఒంటి వరుసలో ఒక చేతికి రెండు దెబ్బల నడుమ సెకనులో నాలుగవ వంతు వ్యవధి యుండును. స్వీప్‌లో అదే చేయి ఎనిమిదవ వంతులోనే రెండవ దెబ్బ వేయవలెను. ఆ లోపల సుమారు ఒక అడుగు దూరము ప్రక్కకు పోవలెను. పుల్ల ఎగురుచుండగనే మణికట్టు, ముంజేయి దానిని ప్రక్కకు కొనిపోవలెను. ఎగిరిన పుల్ల దిగువేళకు చేయి క్రొత్త డ్రమ్ము మీదికి చేరియుండవలెను. పుల్ల పైకి క్రిందికి చేయు కదలిక ఎన్నడును మారదు, చేయి ప్రక్కలకు చేయు ప్రయాణము దానితో కలియును అన్నది ఈ విద్యలోని మూలసూత్రము. క్రొత్తవాడు ఈ రెంటిని కలగాపులగము చేసి మూతను ఏటవాలుగా గీరును. అప్పుడు దెబ్బ పలుకదు, అంచు టక్కుమనును.

పారడిడిల్ ఉపయోగము ఇంకను సొంపైనది. కు-ఎ-కు-కు అనుచోట మొదటి దెబ్బను ఊనికతో కుడికొసనున్న మూడవ డ్రమ్ము మీద వేసి, తక్కిన వానిని నడిమి డ్రమ్ముల మీద ఉంచవలెను. ఎ-కు-ఎ-ఎ అనుచోట ఊనిక దెబ్బ ఎడమకొసనున్న నాలుగవదాని మీద పడును. మొత్తము వరుస మూడు, రెండు, ఒకటి, ఒకటి. నాలుగు, ఒకటి, రెండు, రెండు అగును. ఎవరి పొలములో వారు దున్నుకొన్నట్లు కుడిచేయి కుడివైపునను, ఎడమచేయి ఎడమవైపునను పనిచేయును. కుడిచేయి కొస నుండి నడుమకు తిరిగి వచ్చు లోపల ఎడమచేయి ఒక దెబ్బ వేసి దానికి సమయము సంపాదించి ఇచ్చుచున్నది. ఒక చేయి పలుకుచుండగా రెండవ చేయి ప్రయాణము చేయును. మంచి చేతివరుసయొక్క లక్షణ మిదియే.

చేతులను దాటించుట ఎన్నడును కూడదని కాదు. బరువైన ఒంటి దెబ్బలే కావలసినచోట, చూపరులకు కన్నులపండువు కావలసినచోట, ఒక చేతిని రెండవదానిపై నుండి పంపుదురు. దీనిని 'క్రాస్ ఓవర్' అందురు. ఏ చేయి పైన, ఏ చేయి క్రింద అని ముందుగా నిర్ణయించుకొని, క్రింది చేతిని తక్కువ ఎత్తున నడుపవలెను. మొదట పుల్ల పుల్లను దాటుట, పిదప మణికట్టు మణికట్టును దాటుట నేర్పుదురు. బృందములో సాధారణముగా నలుగురైదుగురు టెనర్ వాదకులు ప్రక్కప్రక్కన నిలిచి ఒకే పాఠమును వాయింతురు. వారిలో ఒకడు కుడికి మారుగా ఎడమను వేసినచో రేడియోలో తెలియకపోవచ్చును గాని, మైదానములోని ప్రేక్షకులకు తక్షణమే పట్టుబడును. అందుచేత పాఠమును వ్రాయునప్పుడే ప్రతి దెబ్బ క్రింద చేయి గుర్తును కూడ వ్రాసి యిత్తురు.

ఇంతవరకు చెప్పినదానిలో ఎడమచేయి కుడిచేతితో సమానముగా పనిచేయునని భావించితిమి. నిజమునకు చాలమందిలో అట్లుండదు. మన సంప్రదాయ వాద్యములు ఈ భేదమును అంగీకరించి, దానినే అందముగా మార్చుకొన్నవి. డప్పు వాయించువాడు కుడిచేత లావైన సిర్రను, ఎడమచేత సన్నని సిటికెన పుల్లను పట్టును. రెంటి పలుకులు వేరు, రెంటి పనులు వేరు. సన్నాయి మేళములోని డోలుకు ఒక చేత పుల్ల, రెండవ చేతి వ్రేళ్లకు గట్టి తొడుగులు. మృదంగమునకు కుడిమూత వేరు, ఎడమమూత వేరు. టెనర్ డ్రమ్ములు ఇట్టి పనుల పంపకమును ఒప్పుకొనవు. రెండు పుల్లలును ఒకటే, రెండు చేతులకును పని ఒకటే. ఎడమచేయి నీరసమైనచో ఎడమకొసనున్న పెద్ద డ్రమ్ము మూగవోవును.

ఇందులకు ఒక ప్రసిద్ధమైన అభ్యాసము కలదు. ఒకే డ్రమ్ము మీద కుడిచేతితో ఎనిమిది దెబ్బలు, వెంటనే ఎడమచేతితో ఎనిమిది దెబ్బలు. ఆపకుండ, ఒకే ఎత్తున, ఒకే బలముతో. మహావాదకులు సైతము దినచర్యను దీనితోనే ప్రారంభింతురు. పుల్ల లేచు ఎత్తును 3, 6, 9, 12 అంగుళములని కొలిచి పాటింతురు. ఎత్తు సమానమైనచో ధ్వని సమానమగును. బోస్టను నగరపు గురువు జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో ప్రకటించిన 'స్టిక్ కంట్రోల్' అను పుస్తకము అంతయు ఇట్టి సమత్వ సాధనకు ఉద్దేశింపబడినదే. నేటికిని అది డ్రమ్ము విద్యార్థులకు నిత్యపారాయణ గ్రంథము.

ఈ అభ్యాసమునకు ఇంటిలోనివారు పరీక్షాధికారులు కావచ్చును. విద్యార్థి వాయించుచుండగా తల్లియో, తోబుట్టువో వీపు త్రిప్పి కూర్చుండి, చేయి మారినప్పుడెల్ల చెప్పవలెను. మొదటి దినములలో ప్రతిసారియు కనిపెట్టగలరు. కొన్ని నెలల సాధన పిమ్మట కనిపెట్టలేక పోవుదురు. రేడియోలో చేతుల భేదము వినబడకపోవుట యంత్రపు లోపము కాదు. దాని వెనుక ఒక ఎడమచేయి పడిన శ్రమ కలదు.

మన ఇండ్లలో పుర్రచేతివాటము గల పిల్లలను అదిలించి కుడిచేతికి మరలించు అలవాటు చిరకాలముగా నున్నది. ఈ వాద్యము నేర్చు తరగతిలో ఆ పిల్లవానికి ఏ కొరతయు లేదు. తోటివారికి ఎడమచేతిని పెంచు పని యుండగా, అతనికి కుడిచేతిని పెంచు పని యుండును. ఇరువురును చేరవలసిన గమ్యము ఒక్కటే. అమెరికాలోని ఉన్నత పాఠశాలలలో కవాతు బ్యాండు సామాన్యము గనుక, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు సైతము ఈ వాద్యము అందుబాటులో నున్నది. సెలవులకు వచ్చిన మనుమడు బల్లమీద రెండు పుల్లలతో టకటకలాడించుచున్నచో, తాతగారు కోపగించుకొనక ముందు ఎడమచేతిని ఒకసారి గమనింపవలెను.

సాధనక్రమమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. మన సంగీత విద్యార్థి సరళీవరుసలను మూడు కాలములలో పాడును. డ్రమ్ము విద్యార్థి సైతము మూలపాఠమును మెల్లగా మొదలిడి, క్రమముగా వేగము పెంచి, మరల మెల్లగా దించి ముగించును. దించుట పెంచుటకంటె కష్టమని అనుభవజ్ఞులు చెప్పుదురు. మొదట రబ్బరు పలకపై చేతివరుస స్థిరపడవలెను. పిదప ఒకే డ్రమ్ము మీద, పిదప రెండు డ్రమ్ముల మీద, చివరకు నాలుగింటి మీద. వాద్యము లేనివారు అట్టపై నాలుగు వలయములను అసలు కొలతలతో, అసలు వరుసలో గీసికొని, దానిపై చేతులను నడుపవచ్చును. దారులు కంఠస్థమగుటకు ఇది చాలును. మెట్రనోము కొట్టుచుండగా పాదములు స్థిరముగా అడుగు వేయుచుండవలెను. కవాతులో తాళము వేయునది పాదమే గనుక, కూర్చుండి నేర్చిన పాఠము నిలుచుండి నడచినప్పుడు తరచు చెదరిపోవును.

తొందర ఈ విద్యకు ప్రథమ శత్రువు. నెమ్మదిగా వాయించునప్పుడు చేయి నేర్చినదే వేగములో బయటపడును. నెమ్మదిలో తప్పు నేర్చినచో వేగములో తప్పే బయటపడును. ఒకసారి అలవడిన వంకర చేతివరుసను మాన్పుటకు, క్రొత్తది నేర్పుటకంటె హెచ్చు కాలము పట్టును.

దేహమును గూర్చి హెచ్చరిక చేయక ఈ ప్రసంగమును ముగింపజాలము. ఎదిగెడు పిల్లల నడుముపై 15 కిలోగ్రాముల బరువు తక్కువది కాదు. చట్రము ఎత్తును దేహమునకు తగినట్లు అమర్చవలెను. నిలుచుండి నేర్చు వేళలో వాద్యమును స్టాండుపై ఉంచవలెను. మణికట్టులో నొప్పి పుట్టినచో ఆనాటికి ఆపవలెను. నొప్పిని ఓర్చుకొనుట శౌర్యము కాదు. పుల్లను బిగించి పట్టుట దానికి సాధారణ కారణము.

చెవుల సంగతి ఇంకను ముఖ్యము. అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సలహా ప్రకారము 85 డెసిబెల్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్లకు ఆ వ్యవధి సగమగును. 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు. 100 డెసిబెల్లకు వచ్చుసరికి పదునైదు నిమిషములే. బృందమంతయు కూడి వాయించునప్పుడు ధ్వని తరచు ఈ చివరి మట్టమును దాటును. అట్టి హోరు దినదినమును సోకి చెడిన వినికిడి తిరిగి రాదు. చెవులలో రక్షణ బిరడాలు పెట్టుకొనకుండ ఏ పిల్లవానిని కూటమిలో నిలుపరాదు. లయ నేర్చినవాడు ముదిమిలో ఆ లయను వినలేకపోవుటకంటె నష్టము వేరొకటి లేదు.

ఇంట సాధన చేయువానికి ప్రతిదినము ఇరువది నిమిషములు, రబ్బరు పలక, మెట్రనోము చాలును. ఇరుగుపొరుగువారికి నిద్రాభంగము కలుగదు. మొదటి పది నిమిషములు రెండు చేతులకును సమముగా పంచి, మిగిలిన పదింటిని బలహీనమైన చేతికి కేటాయింపవలెను. పది దినములకొకసారి వీపు త్రిప్పి వినువారి నొకరిని కూర్చుండబెట్టుకొని, చేయి మారుట వారికి తెలియుచున్నదో లేదో అడిగి, వారి జవాబును బట్టి వేగము పెంచవలెనో, మరికొన్ని దినములు ఆగవలెనో నిర్ణయించుకొనవలెను.